చప్పుడు లేని బండి

నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. కార్ల మీద రాసేవాళ్లు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద నాలుగు చక్కర్లు కొట్టి, ఏసీ గదిలో కూర్చుని, ప్రయాణం హాయిగా ఉందని రాసేస్తారు. ఆ రోడ్డు మీద ఎడ్లబండి కూడా హాయిగానే ఉంటుంది. అందుకే మా పత్రిక వాహనాల పేజీకి ఏ కారు వచ్చినా నేను కొత్తగూడెం తీసుకుపోయేవాణ్ణి. బొగ్గు లారీలు తొక్కి వదిలిన రోడ్డు, ఎవరికి తోచినంత ఎత్తున వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు, పాల్వంచ దాటాక అడవి, ఆ తర్వాత భద్రాచలం వంతెన. కారు అసలు గుణం అక్కడ బయటపడుతుంది.

ఇంకో కారణం ఆ ఊళ్లోనే ఉన్న ఉస్తాద్, నాకు పని నేర్పిన గురువు. రాతల్లోకి రాకముందు, డిప్లొమా పూర్తిచేసి, ఆరేళ్లు ఆయన షెడ్డులో మెకానిక్‌గా చేశాను. ఇంజను చూడడంలో ఆయనదొక పద్ధతి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, దాని కర్రపిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వింటారు. లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో, బోల్టు విప్పకుండా చెప్తారు. నా సమీక్ష ఎంత పొడుగున్నా చివరి పేరా ఆయనదే. దానికి ‘ఉస్తాద్ మాట’ అని పేరు పెట్టాను. చాలామంది నా రాతంతా దాటేసి ముందు అదే చదివేవారు. నేను కుళ్లుకున్న రోజులు కూడా ఉన్నాయి, దాచడం దేనికి.

పోయిన వేసవిలో అచ్చయిన ఒక సమీక్షకు మాత్రం ఆ పేరా లేదు. ఎందుకు లేదని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. అప్పుడు జవాబు రాసే మొహం లేక ఊరుకున్నాను.

అది ఖరీదైన సెడాన్. పాత రూపం మార్చి కొత్తగా తెచ్చారు. రెండు రకాలు పంపారు: ఒకటి ఉత్త పెట్రోలుది, రెండోది హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీ మీద నడిచే మోటారు కూడా ఉన్నది. షోరూం డ్రైవరు ఒకడు వెంట వచ్చాడు. మొదటి రోజు పెట్రోలు బండి తీశాం. ముందున్న గ్రిల్ జాలీని బంపరు కిందిదాకా సాగదీశారు, చూస్తే ఆవలిస్తున్నట్టుంది. లోపల బటన్లన్నీ పీకేసి పలకంత తెర పెట్టారు. ఏసీ కాస్త తగ్గించాలన్నా రోడ్డు మీంచి చూపు తీసి దానిమీద వేలు ఆడించాలి. ఆ తెర గీసిన మహానుభావుణ్ణి తెచ్చి మిట్టమధ్యాహ్నం బొగ్గు లారీ వెనక నడపమనాలి. వెనక సీటు మాత్రం ఒప్పుకోవాల్సిందే. స్టీరింగు డ్రైవరుకిచ్చి వెనక కూర్చుంటే పాల్వంచ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. సాయంత్రం షెడ్డుకు తెచ్చాం. ఉస్తాద్ పిడి చెవికి పెట్టుకుని విని, పెద్దమనిషి నడక, తొందర లేదు, అలుపు లేదు అన్నారు. రాసుకున్నాను.

రెండో రోజు హైబ్రిడ్ బండి. బ్యాటరీ డిక్కీలో సగం మింగేసింది. ఆ సంగతి చిరాకు తెప్పించినా నడుపుతుంటే మనసు మెత్తబడింది. నెమ్మదిగా పోయినంతసేపూ ఇంజను లేవనే లేవదు, బండి తేలిపోతున్నట్టుంటుంది. అడవిలో తునికాకు మోపు నెత్తిన పెట్టుకుని రోడ్డంచున పోతున్న ఒకామెకు మేం వెనక వచ్చినట్టే తెలియలేదు. హారన్ కొడితే అదిరిపడి మోపు వదిలేసింది. దిగి మోపు మళ్లీ ఆమె నెత్తికెత్తాను. ఇదేం దయ్యపు బండి, వస్తున్నట్టు తెలియొద్దా అని తిట్టింది. తిట్టక ముద్దుపెట్టుకుంటుందా. నేనూ డ్రైవరూ దారంతా అదే తల్చుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నాకు పాడు ఆలోచన వచ్చింది.

షెడ్డుల్లో ఆటపట్టించడం ఒక ఆచారం. నేను చేరిన మొదటి వారంలో, లోకంలో ఎక్కడా లేని ఒక సామాను పేరు చెప్పి, పోయి తెమ్మని నన్ను బజారంతా తిప్పించింది ఉస్తాదే. దుకాణాలవాళ్లు నన్ను ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి పంపించి కడుపుబ్బ నవ్వుకున్నారు. ఇన్నేళ్లకు ఆ బాకీ తీర్చుకుందామనుకున్నాను. షెడ్డులో ఉన్న మెకానిక్కులిద్దరికీ ముందే చెవిలో వేశాను. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు బటన్ నొక్కితే బండి సిద్ధమైనట్టు తెర వెలుగుతుంది కానీ ఇంజను కదలదు. ఉస్తాద్ పిడి చెవికి పెట్టుకుని, ఏందిరా ఇది, చచ్చిన ఇంజన్ను వినమంటవా అని తిట్టాలి. అందరం నవ్వాలి. అంతే నేననుకున్నది.

బటన్ నొక్కి, ఇంజను చాలూ చేశాను వినండి అన్నాను. ఆయన వంగి కళ్లు మూసుకున్నారు. మామూలుకంటే ఎక్కువసేపు అలాగే ఉన్నారు. మొన అటు జరిపారు, ఇటు జరిపారు. కణత మీద చెమట పట్టింది. చివరికి లేచి నిలబడి నా మొహంలోకి చూశారు. నేను నవ్వు ఆపుకుంటున్నాను.

“మంచిగున్నది. నిన్నటి బండి కంటె మెత్తగ తిరుగుతున్నది” అన్నారు.

ముందు డ్రైవరు నవ్వాడు, తర్వాత మెకానిక్కులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా మీదే ఎదురు వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. ఇంజను బందున్నదని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నా నోటివంక చూశారు. మళ్లీ చెప్పాను. అప్పుడు ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. ఆయన స్క్రూడ్రైవర్ గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి, నల్లా దగ్గరికి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోయారు. పని ఉన్న రోజు పొద్దుండగా ఆయన ఇల్లు చేరడం నేనెప్పుడూ చూడలేదు. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఇంటికి పోయాను. చాచి తలుపు తీసింది. ఉస్తాద్ భార్యను ఆ షెడ్డులో పనిచేసినవాళ్లందరం చాచి అనే పిలుస్తాం. లోపల కుర్చీ ఆయన పక్కన వేసుకోబోతే ఆమె ఆపింది.

“ఎదురుంగ కూసో బేటా. నోరు కనబడాలె ఆయనకు” అంది.

ఆయనకు వినికిడి తగ్గడం మొదలై రెండేళ్లయిందట, చాచి చెప్పింది. హైదరాబాదు దవాఖానాలో చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారట. అది పెట్టుకుని షెడ్డుకు పోతే ఊరంతటికీ తెలుస్తుందని బీరువాలో దాచారట. షెడ్డులో ఎలాగూ అందరం అరిచే మాట్లాడతాం కనక ఎవరికీ అనుమానం రాలేదు. మరి ఆ సమీక్షలకు మాటలెట్లా చెప్పారని అడిగాను. చాచి నా వంక జాలిగా చూసింది. బండి దిగేటప్పుడు నా మొహం చూస్తే ఆయనకు చాలట. ‘వాడు చిటపటలాడితే బండిలో దమ్ము లేదు, ఊరికే నిలబడి చూస్తే మంచి బండి’ అని చాచితో అనేవారట. రెండేళ్లుగా ఆయన వింటున్నది నన్ను. ఆ నేనే నిన్న ఆయన ముందు నిలబడి నవ్వాను.

ఆయన మోకాళ్లు పట్టుకున్నాను. తప్పయింది ఉస్తాద్ అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు.

“నవ్వినందుకు గాదు బేటా. పిడి పెట్టుకుంటె ఏం రాలే. ఇయ్యాలతోని మొత్తం పోయినయ్ అనుకున్న. అది మీకు తెలియొద్దని గట్లన్న. ఇంజన్ బందున్నదని నువ్వంటె, సిగ్గు పోనీ, ఖుషీ అయింది నాకు. చెవులు ఇంక ఉన్నయ్, ఇంజన్ లేకనే రాలేదు అనుకుంట ఇంటికొచ్చిన.”

ఆ ఖుషీతో ఇల్లు చేరి, వాకిట్లో ఉన్న తన పాత జీపు స్టార్ట్ చేశారట. పిడి చెవికి పెట్టుకున్నారట. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన తన కుడి అరచెయ్యి చూసుకుంటున్నారు.

“జీపు నడుస్తుండె. చెయ్యికి తెలుస్తుండె. చెవికి మాత్రం ఏం రాలే. ఇన్ని దినాలు చెయ్యికి తెలిసిందే చెవిల వినబడ్డది అనుకుంటుంటి. కొంచెమన్న వస్తున్నదనే ధైర్యముండె.”

ఆ ధైర్యం తీసేసింది నేను. చాచి వంటింట్లోకి పోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఆయనే కుర్చీ ముందుకు జరుపుకుని, మొన్నటి పెట్రోలు బండి గురించి అడిగారు. తను చెప్పింది నిజమేనా అని. నిజమే ఉస్తాద్, పెద్దమనిషి నడకే అన్నాను.

“అది నా మాట. నువ్వు విన్నవ్ గద. ఎట్ల మోగిందో చెప్పు.”

చెప్పబోయాను. ఆరేళ్లు ఆయన పక్కన నిలబడి ఇంజన్లు విన్నవాణ్ణి, ఇన్నేళ్లుగా వాటి మీద రాసి బతుకుతున్నవాణ్ణి. మంచిగా మోగింది అన్నాను. మంచిగ అంటే అన్నారు. మెత్తగా అన్నాను. చాలలేదు. గొంతు పెంచి, వాకిలి బయటికి వినబడేంత గట్టిగా, మెత్తగా మోగింది ఉస్తాద్ అని మళ్లీ అన్నాను.

“ఇంక?” అన్నారు ఆయన, నా పెదాల మీంచి కళ్లు తీయకుండా.