టిఫిన్ మూతలో పాచిక

మంచిర్యాల నుంచి పెద్దపల్లి వెళ్లే రైలులో నా ఎదుట కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో స్నేహితులతో కలిసి ఒక కథల ఆట ఆడుతోంది. పాచికను టిఫిన్ మూతలో వేస్తోంది. ఆటలో ఆమె మంత్రగత్తె. ఒక రక్షణ మంత్రంతో జైనూర్‌లో ఉన్న స్నేహితురాలి పాత్రను రాక్షసుడి నుంచి కాపాడుతోందట.

"ఆ రాక్షసుణ్ణి బంధించే మంత్రం వేయవచ్చు కదా?" అన్నాను.

"అట్లెట్ల సార్? గీ మంత్రం మీదనే మనసు నిలపాలె. గసొంటిది ఇంకోటి ఏస్తే గిది పోతది, మా దోస్తు సస్తది."

"వాడిన మంత్రశక్తి తిరిగి ఎలా వస్తుంది?"

"రాత్రి పండుకొని లేస్తే వస్తది."

భౌతికశాస్త్రం చదివిన నాకు ఏమీ బోధపడలేదు. "ఎక్కడి నుంచి వస్తుంది?"

"మీరు ఆటల ఉంటే రాక్షసుడు గూడ పరేషాన్ అయితడు సార్."

ఫోన్‌లో నవ్వులు వినిపించాయి. అంతలో ఆటలో రాక్షసుడు ఆమె మంత్రగత్తెనే కొట్టాడు. ఆ దెబ్బకు మనసు చెదిరిందో లేదో పాచిక తేల్చాలట. ఆమె పాచికను పిడికిట పట్టి కళ్లు మూసుకుంది. నా నోటిదాకా వచ్చిన మరో ప్రశ్నను ఆపుకున్నాను.

పాచిక మూతలో దొర్లి ఆగింది. "మంత్రం నిలిచింది," అంది.

నా మౌనానికీ ఆ పాచికకూ ఏ సంబంధమూ లేదు. అయినా, ఎదుటివారు కళ్లు మూసుకుంటే ఇప్పటికీ నేను ప్రశ్న అడగను.