అత్తయ్యగారు తిన్న బ్రెడ్డు స్వీటు

ఏళ్ళ తరబడి ఇది నేనొక్కదాన్నే మోస్తున్నాను. మా ఆయనకి కూడా తెలీదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా అత్తయ్యగారి మొక్కు నేను చెడగొట్టాను. తెలిసే చెడగొట్టాను.

తెలిసేనా? మొదటి ముక్కకి కాదు. రెండో ముక్కకి తెలిసే.

మాది భీమవరం పక్కన ఊరు. రొయ్యల చెరువులున్నాయి. చేపో రొయ్యో లేనిదే ముద్ద దిగని ఇల్లు. మావయ్యగారు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు, ఆయన లేచి నడిచేదాకా నీచు ముట్టనని అత్తయ్యగారు వెంకన్నబాబుకి మొక్కుకున్నారు. చేప లేదు, రొయ్య లేదు, గుడ్డు కూడా లేదు. మా ఆడపడుచు పులస పట్టుకొచ్చిన రోజున కూడా ఆవిడ పెరుగన్నం కలుపుకుని పక్క గదిలోకి వెళ్ళి తిన్నారు.

అప్పుడే మా ఇంటికి కొత్తగా ఓవెన్ వచ్చింది. ఫోన్‌లో చూసి, పిల్లల టిఫినుకని ఫ్రెంచ్ టోస్ట్ క్యాసరోల్ చేశాను. ముందురోజు సాయంత్రమే బ్రెడ్డు ముక్కలు ట్రేలో పేర్చి, పాలల్లో గుడ్లు గిలక్కొట్టి, పంచదార, యాలకుల పొడి కలిపి వాటి మీద పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్న జీడిపప్పు చల్లి ఓవెన్లో పెడితే పైన ఎర్రగా వేగి, లోపల జున్నులా కుదిరింది. యాలకుల ఘుమఘుమలో గుడ్డు వాసన బొత్తిగా తెలీలేదు.

పిల్లల్ని లేపి వచ్చేసరికి అత్తయ్యగారు టేబుల్ దగ్గర నిలబడి తింటున్నారు. తీపిలో గుడ్డుంటుందని మా ఇళ్ళల్లో ఎవరనుకుంటారు? గుడ్డంటే అట్టో, కూరో. ఆవిడ జున్నే అనుకున్నారు.

"జున్నులో బ్రెడ్డేశావేంటే! ఎంత బాగా కుదిరిందో. నీ చేతిలో ఇంత రుచుందని ఇన్నాళ్ళూ తెలీలేదమ్మా. ఇందులో ఏమేశావ్?"

"పాలు, పంచదార, యాలకులండి అత్తయ్యగారూ."

అంతే అన్నాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నా వంటకి వంక పెట్టని పూట లేదు. పులుసులో ఉప్పెక్కువ, చారులో పులుపు తక్కువ. మొదటిసారి మెచ్చుకున్నారు. ఎలాగూ తినేశారు కదా, ఇప్పుడు చెబితే బాధపడటం తప్ప ఏముందిలే అనుకున్నానా, లేక ఇంకాస్త పొగిడించుకుందామనుకున్నానా? రెండోదే. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ రెండోదే. ఆవిడ ఇంకో ముక్క అడిగారు. నా చేత్తోనే పెట్టాను.

ఆ నెల తిరక్కుండానే మావయ్యగారు పోయారు.

పక్షవాతం ఇంకోసారి వస్తే కష్టమని డాక్టరుగారు ముందే చెప్పారు, అదే వచ్చింది. బ్రెడ్డు ముక్కకి మనిషి పోడని నాకు తెలుసు. ఆ మాట అత్తయ్యగారికి ఎవరు చెప్పగలరు? మొక్కులో ఎక్కడో లోపం జరిగిందని, అందుకే ఆయన దక్కలేదని ఆవిడ నమ్మకం. ఏ పెళ్ళి భోజనంలోనో నీచు గరిట తగిలిన కూర తినుంటానని, చూసుకోకపోవడం తన తప్పేనని, ఆయన్ని తనే పోగొట్టుకున్నానని, వచ్చినవాళ్ళందరి దగ్గరా ఏడుస్తారు. అప్పట్నుంచీ ఇంకెవరింట్లోనూ మంచినీళ్ళు కూడా తాగరు. మా కోడలు వండితేనే నాకు నమ్మకం అంటారు. నా ఎదురుగానే అంటారు. నేను తలొంచుకుని వడ్డిస్తాను.

చెప్పెయ్యొచ్చు కదా అంటారా? ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే తన తప్పేమీ లేదని ఆవిడకి తెలుస్తుంది. కానీ ఇన్నాళ్ళూ అనుమానంగా ఉన్నది నిజమైపోతుంది, మొక్కు చెడింది తన ఇంట్లోనే, తను నమ్మిన చేతి మీదుగానే అని కూడా తెలుస్తుంది. ఆ తర్వాత ఆవిడ ఎవరి చేతి అన్నం తింటారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇదంతా ఆవిడ కోసమే ఆలోచిస్తున్నట్టు మాట్లాడుతున్నాను గానీ, ఇందులో సగం నా భయమే. నాకు ఏ దారీ కనబడటం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించి మాత్రం ఏం లాభం? గుడ్లు వేశాను. ఆవిడ అడిగితే దాచాను. ఈ మాట ఒక్క మనిషితోనైనా అన్నందుకు గుండె బరువు కాస్త తగ్గినట్టుంది. గోడ అవతల అత్తయ్యగారు దీపం పెట్టి, తప్పు కాయమని వెంకన్నబాబు ముందు లెంపలేసుకుంటున్నారు. ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.