గండి కొట్టిన పలుగు మాదే

మా వీధి మొదట్లోకి రాగానే చేపలావిడ కేక ఆగిపోయేది. పల్లెపాలెం నుంచి మా ఊరికి చేపలు తెచ్చేది ఒక్క ఇంటివాళ్ళే. ముందు తల్లి తెచ్చేది, ఆమె తర్వాత కూతురు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో ప్రతి వీధీ తిరిగేవారు గాని, మా వీధిలో అడుగు పెట్టేవారు కాదు. "మీ తాతకి నిష్ఠ ఎక్కువ, నీచు వాసన పడేది కాదు" అనేది నాయనమ్మ. ఆ మాట అంటూనే బొమ్మిడాయిల పులుసులోకి చింతపండు పిసికేది. ఆ చేపల్ని నాన్న రావులపాలెంలో కొని సైకిలు మీద తెచ్చేవారు.

పదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత నాకు తెలిసిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయం నేర్పిందే. చెదలు కొట్టిన వాటితో సహా అక్కడి బీరువాలన్నీ చదివేశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. మురుగు కాలువ గట్టు మీద బస్ షెల్టర్ కట్టిస్తున్న పెదనాన్న, అందుకే నన్ను పిలిచారు.

"లైబ్రరీ అంతా నమిలేశావు కదే! షెల్టర్‌కి తాతయ్య పేరున రాయి పెడుతున్నాం. నాలుగు వాక్యాలు రాసిపెట్టు. పెద్ద వరదలో గట్టు తెగి పల్లెపాలెం మునిగితే, నెల్లాళ్ళు గంజి పోయించిన మహానుభావుడని."

గంజి పోయించిన మాట నిజమే. గట్టు తెగిందన్న దగ్గరే నా కలం ఆగింది. రాసేముందు చదవడం నా అలవాటు. గ్రంథాలయంలో కాలువల గురించీ, గట్ల గురించీ రాసిన పాత పుస్తకం ఒకటుంది. వరద నీరు ముందు పొర్లేది గట్టు పల్లంగా ఉన్న చోటేనని, గండి పడేది ఎక్కువగా అక్కడేనని అందులో ఉంది. పుస్తకం చంకలో పెట్టుకుని గట్టు పొడుగునా నడిచాను. గండి పూడ్చిన చోటు ఊళ్ళో అందరికీ తెలుసు. గట్టు అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది అక్కడే. ఇటు మా చేలు, అటు పల్లెపాలెం. గట్టుని తర్వాత మెరక చేసి ఉండొచ్చు, పుస్తకంతో తేలే సంగతి కాదు. కాని నాయనమ్మ తరచూ అనే మాట గుర్తొచ్చింది. "గట్టు తెగబట్టి మన చేలో నీళ్ళు దిగిపోయాయి. వరి అప్పుడు పొట్ట మీదుంది. లేకపోతే గింజ దక్కేది కాదు."

మర్నాడు సెంటర్‌కి వెళ్ళాను. ఆ చేపల ఇంటి కూతురు ఇప్పుడు బాగా ముసలిదైంది. గంప మొయ్యలేక, అరటిగెలల లారీలు ఆగే చోట ఐసు డబ్బా పెట్టుకుని కూర్చుంటోంది.

"మా వీధికి ఎందుకు రారు మామ్మా?" అన్నాను.

"మీకు చేపలు కావాలా, సంగతి కావాలా?"

"రెండూ."

"అయితే ముందు చేపలు కొనుక్కోండి. సంగతి విన్నాక కొంటారో, కొనరో!"

పక్కనున్న రొయ్యలావిడ పకపకా నవ్వింది. రెండు శీలావతులు కొన్నాను. పొలుసు తీస్తూనే చెప్పింది.

"ఏట్లో చేప పడని రోజుల్లో మా అయ్య మీ తాతగారి చేలో పనికెళ్ళేవోడండి. గట్టు తెగలేదండి. గండి కొట్టారు. కొట్టింది మా అయ్యే. తాతగారు గొడుగేసుకుని పక్కనే నిలబడ్డారు. పాలెంలోకి మోకాటి లోతు కూడా రాదు, నాదీ పూచీ అన్నారంట. మా అయ్య నమ్మాడు. పొద్దుగూకేసరికి ఇళ్ళు లేవండి. మా చెల్లి ఉయ్యాల్లో పిల్ల. దొరకలేదు."

"తాతయ్యే చేయించారని మీ నాన్న ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకేమండి! గంజి పోసేవోళ్ళ మీద చెబితే ఎవరు నమ్ముతారు? మా పాలెంలో ఇప్పటికీ మమ్మల్ని గండోళ్ళనే అంటారు. మొన్న మా మనవరాలి సంబంధం ఆ మాట మీదే తప్పిపోయింది." చేపముక్కలు కవర్లో వేసి ముడి వేసింది. "తల కూడా వేశానండి. పులుసు పెట్టుకోండి."

చేపల కవరుతోనే పెదనాన్న దగ్గరికి వెళ్ళాను.

"గట్టు తెగలేదంట పెదనాన్నా. తాతయ్య తవ్వించారంట."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. "పలుగు మన కొట్లోదేనని కూడా చెప్పిందా?" అన్నారు.

అది నాకు తెలియదు. ఆయనకే తెలుసు.

"చెప్పలేదు. మీరే చెప్పారు."

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు. "చేను పోయుంటే మనమంతా ఏమయ్యేవాళ్ళం? ఆ గింజలతోనేగా వాళ్ళకి గంజి పోసింది! ఇంటి పరువు రోడ్డు మీద పెడితే మాత్రం మళ్ళీ ఈ గడప తొక్కకు."

"రాయి మీద మీకు కావలసింది రాయించుకోండి. నేను చెప్పాల్సింది, చెప్పాల్సిన చోట చెబుతాను."

ఆదివారం పల్లెపాలెం వెళ్ళాను. రామాలయం అరుగు దగ్గర మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. చేపల ముసలావిడ కూడా కోడలితో అక్కడే కూర్చుని ఉంది. నేనెవరి మనవరాలినో చెప్పి, గండి కొట్టించింది మా తాతయ్యేనని, ముసలావిడ తండ్రిని మాట ఇచ్చి మోసం చేశారని చెప్పాను.

"ఇన్నాళ్ళకి చెబితే లాభమేంటండి?" అన్నాడు ఒక పెద్దాయన.

"లాభం మాకుంది బాబాయ్." ముసలావిడ కోడలు ముందుకొచ్చింది. "నోటి మాటైతే రేపు లేదంటారు. రాసివ్వండమ్మా. మీకు రాత వచ్చుగా."

ఎవరో నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చారు. అన్ని పుస్తకాలు చదివిన దాన్ని, రెండు వాక్యాలకి చెమటలు పట్టాయి. "గట్టుకి గండి కొట్టించింది మా తాతయ్య. ఈ చేపలావిడ తండ్రి ఆయన మాట నమ్మాడు, పలుగు కూడా మాదే." కింద ఇంటిపేరుతో సహా సంతకం చేశాను.

షెల్టర్ రాయి మీద ఇప్పుడు వేరెవరో రాసిన మాటలున్నాయి. పెదనాన్న గడప నేను మళ్ళీ తొక్కలేదు.

ఆ రోజు కాగితం చేతికిస్తే ముసలావిడ తీసుకోలేదు. "నాకు చదువు రాదు కదండి, మీరే చదవండి" అంది. చదివాను. ఆవిడ వలల దగ్గరున్న వాళ్ళవైపు తిరిగి కూర్చుంది.

"మళ్ళీ చదవండి. కాస్త గట్టిగా."

లేచి నిలబడి చదివాను.