గోడలో మూసేసిన కప్లర్

సీనప్ప అతికిన పైపు కారిందని బాగేపల్లిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ముందు నీళ్లు కట్టేయించేవాడు. పైపు ఆరేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఆ తర్వాతే గమ్ము పూసేవాడు. తొందరపెట్టినవాళ్లను వేరే మనిషిని చూసుకోమనేవాడు.

చింతామణిలోని ఈ ఇంట్లో ఆ మాట అనే వీల్లేదు. ఇది కూతురు నయన అత్తగారి ఇల్లు. మర్నాడు మనవడి నామకరణం. బాత్రూం గోడలో పైపు పగిలితే, వేరే ప్లంబరు వద్దని, మా నాయన్నే పిలవాలని నయనే పట్టుబట్టింది.

వాల్వు ఎంత బిగించినా పైపు చివర బొట్లు ఆగడం లేదు. తడి పైపుకు గమ్ము పట్టదు. ట్యాంకు ఖాళీ చేద్దామంటే, చుట్టాల కోసం పొద్దున్నే ట్యాంకరు నీళ్లు నింపించారు. ఇక మిగిలింది పుష్ ఫిట్ కప్లరే. పైపును అందులోకి గట్టిగా నొక్కితే లోపలి పళ్లు కరుచుకుంటాయి, రబ్బరు రింగు నీళ్లను ఆపుతుంది. సీనప్ప దాన్ని కంటికి కనిపించే చోట వాడాడు గానీ, గోడలో ఎప్పుడూ పెట్టలేదు.

కోసిన అంచు గీరాడు. నొక్కాడు. లాగి చూస్తే ఊడలేదు. చెమట తుడుచుకుంటుంటే చెవిమీది పెన్సిలు చేతికి తగిలింది. పైపు ఎంత లోపలికి పోవాలో ముందే గీత గీయాలి, ఆ గీత మునిగేదాకా నొక్కాలి. గీత గీయలేదు. పైపు చివరంటా పోయిందో, సగంలో ఆగిందో ఇప్పుడు తెలిసే దారి లేదు. ఊడదీయాలంటే వేళ్లు పట్టే సందు లేదు. గోడ ఇంకా పగలగొట్టాలి.

"అమ్మా, గోడ రెండు దినాలు ఇట్లే ఉండనీండి. చూసి మూస్తాము," అన్నాడు వియ్యపురాలు జయలక్ష్మమ్మతో.

"ఏమన్నా, వచ్చినోళ్లందరికీ గోడకున్న బొక్క చూపించమంటావా? నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

సిమెంటు కలుపుతున్న మేస్త్రీ నాగేశ్ నవ్వాడు. "సీనప్పన్న చేసింది కారితే నేను మీసం తీసేస్తానమ్మా."

బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ నయన తండ్రి ముఖంలోకి చూసింది.

"మూసేయ్ నాగేశా," అన్నాడు సీనప్ప.

నామకరణం రోజు గోడ పొడిగానే ఉంది. ఆ తర్వాత కూడా. సగంలో ఆగిన పైపు కూడా కొన్నాళ్లు అలాగే పట్టుకుని ఉంటుందని అతనికి తెలుసు. పని లేనప్పుడల్లా బస్సెక్కి చింతామణి పోయేవాడు. మనవణ్ని కాసేపు ఆడించి బాత్రూంలోకి వెళ్లి, టైల్స్ మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. గోడ చల్లగా ఉండేది. తడి వల్ల చల్లనో, నీడ వల్ల చల్లనో తేలేది కాదు.

ఒకరోజు తలుపు తీసేసరికి ఎదురుగా నయన.

"వచ్చినప్పుడల్లా ఇంతసేపు లోపల ఏం చేస్తాండావు నాయనా? మీ నాయనకు షుగరు ఉండాదా అని అత్త అడుగుతాండాది."

సీనప్ప తడి లేని చెయ్యిని పంచెకు తుడుచుకున్నాడు.

"ఉండాదని చెప్పమ్మా," అన్నాడు.