మైలవరంలో చక్రం కింద రాయి

ఆ రోజుల్లో బండికి హారను ఉంటే చాలు, బ్రేకు దేవుడి దయ అనుకునేవాళ్లం. గవర్నర్‌పేటలో మా మావయ్య బేకరీకి ఒక ముసలి వ్యాను ఉండేది. దాని బ్రేకు ఇవాళ తొక్కితే రేపు పడుతుందని మా అత్తయ్య అనేది (ఆవిడ జన్మలో ఆ వ్యాను ఎక్కలేదు, అందుకే అంత నిబ్బరంగా చెప్పేది). టైపు పరీక్ష తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు మావయ్య ఒక ఉద్యోగం ఇచ్చాడు. కేకు ఏ ఊరు వెళితే ఆ ఊరు దాన్ని కావలించుకుని వెనక కూర్చోవడం. మైలవరం చర్చి దగ్గరికొస్తూ మేం హారను కొడితే, కాపలా తాత, ఇంకో నలుగురు రాళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. కొత్తవాళ్లు చూస్తే మమ్మల్ని కొట్టడానికే అనుకుంటారు. చక్రాల కింద రాళ్లు పడితేగాని మా బండి నిలిచేది కాదు మరి.

అలా ఒక క్రిస్మస్‌కి రాయి తగిలిన కుదుపుకి కేకు కాస్తా ఉప్మా అయిపోయింది. తర్వాత అదే చర్చిలో జరగబోయే పెళ్లికి మూడంతస్తుల కేకు చెప్పడానికి వచ్చిన పెళ్లికూతురి తండ్రి, "ఈసారి కూడా పొడి తెస్తే మా ఊళ్లో ఇంకెవరూ మీ దగ్గర కొనరండి," అని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి మావయ్య అన్నం సరిగ్గా తినలేదు. తెల్లారగానే బండిని ఆటోనగర్ మేస్త్రికి అప్పగించి ఆయిల్ బ్రేకులు వేయించాడు.

వేయించాడన్న మాటేగాని నమ్మలేదు.

"చప్పుడు రావట్లేదేమయ్యా?"

"రాకూడదండి," అన్నాడు మేస్త్రి.

"పాతది కూత పెట్టేది. పనిచేస్తున్నట్టు తెలిసేది."

"కూతే పెట్టేదండి. పని చేసేది కాదు."

మావయ్య ఆ మేస్త్రిని కింది నుంచి పైదాకా చూసి, విప్పేసిన పాత సామానంతా గోనెసంచిలో కట్టించి సీటు కింద పెట్టించుకున్నాడు, దారిలో అవసరం పడుతుందేమోనని. అనుమానం గజ్జి లాంటిది, పక్కన కూర్చుంటే అంటుకుంటుంది. పెళ్లిరోజు బయల్దేరేటప్పటికి నాకు కొత్త బ్రేకు మీదా, పాత సంచి మీదా, చివరికి కేకు మీద కూడా నమ్మకం పోయింది.

మావయ్య పాత అలవాటు చొప్పున ప్రతి మలుపుకీ అర ఫర్లాంగు ముందే తొక్కేవాడు. బండి ఠక్కున అక్కడే, పొలాల మధ్య, నిలబడిపోయేది. కేకు పై అంతస్తు వచ్చి నా గడ్డానికి తగిలేది.

"ఆపితే ఆగుతోంది కదా మావయ్యా, కాస్త మెల్లిగా తొక్కు."

"అదేనే నా అనుమానం. ఇది ఇంత మంచిది ఎప్పుడైంది?"

మైలవరం చేరేసరికి ఆయన కాలు కాస్త మెత్తబడింది. హారను కొట్టాడు. తాత ముందు, మిగతావాళ్లు వెనక, రాళ్లతో పరిగెత్తుకొచ్చారు. బండి వాళ్లకి పది బారల ఇవతలే కిక్కురుమనకుండా ఆగింది. కేకు మీద పువ్వు కూడా చెదరలేదు. పెళ్లికూతురి తండ్రి రెండు చేతులతో మావయ్య చేతులు పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తాత మాత్రం రాయి దించకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఆగిపోయిందేంటండీ? అయితే ఇంక మేం రానక్కర్లేదన్నమాట."

కేకు లోపలికి చేరాక మావయ్య మళ్లీ బండెక్కి, స్టార్ట్ చేసి, తాత దాకా నిదానంగా పోనిచ్చాడు. "ఆ రాయి ఇలా వెయ్యి తాతా. కొత్త బ్రేకులు, ఏం నమ్మకం," అన్నాడు. తాత పెళ్లిపెద్దలా వంగి, చక్రం కింద రాయి సర్ది, చేతులు దులుపుకున్నాడు. ఆ వ్యాను తిరిగినన్నాళ్లూ మైలవరంలో హారనూ మానలేదు, రాయీ మానలేదు. అది మావయ్య అనుమానమో, తాత మీద అభిమానమో నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

ఇప్పుడు మా కారు వేలు పెడితే ఆగుతుంది. ఎవరింటికి వెళ్లినా గేటు ముందు నిశ్శబ్దంగా దిగుతాం, ఫోన్ చేస్తేగాని ఎవరూ బయటికి రారు. నేను పక్క సీట్లోంచి చెయ్యి చాపి హారను నొక్కుతాను.

"ఆగిపోయాం కదత్తయ్యా, ఇంకా హారనెందుకు?" అంటుంది మా కోడలు.

ఏమో, ఎవరైనా రాయి పట్టుకుని పరిగెత్తుకొస్తారేమోనని.