బీవర్ ఉచ్చుకి ఆయుధపూజ

అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో మా తెలుగువాళ్లు కొందరు కార్లు మార్చేవారు, కొందరు ఇళ్లు మార్చేవారు. నేను తుప్పు పట్టిన ఇనుము పోగుచేసేవాణ్ణి. ఒకప్పుడు బొచ్చు కోసం జంతువుల్ని పట్టిన ఇనప ఉచ్చులు, తోళ్లు సాగదీసి ఆరబెట్టే చెక్కలు, మంచులో నడవడానికి కాళ్లకి కట్టుకునే అల్లిక చట్రాలు, డొక్కు లాంతర్లు, అన్నీ మా గరాజ్‌లో సుఖంగా ఉండేవి. కారు వానలో తడుస్తూ ఉండేది. నేను చీమనైనా చంపను, గుడ్డు వేసిన కేకు కూడా తినను. మరి ఇదంతా ఎందుకయ్యా అంటే చెప్పలేను. ఎవరో ఇంట్లో పాత సామాను అమ్మేస్తున్న ఓ గరాజ్ సేల్‌లో ఒక ఉచ్చు చేతిలోకి తీసుకున్నాను, పిచ్చి పట్టింది. మా ఆవిడ కూడా దాన్ని పిచ్చి అనే అంటుంది.

ఈ పిచ్చిలో నా గురువు మా వీధి చివరి ముసలాయన. ఆయన తండ్రి ఉచ్చులు వేసి, తోళ్లమ్మి ఇల్లు నడిపినవాడు. ముసలాయన కలెక్షన్ ముందు నాది పిల్లల ఆటసామాను. ఆయన పిల్లలకి అవంటే గిట్టదు. "ఎవరికో ఒకరికి అప్పగించి పోవాలి" అనేవారు. ఆ ఎవరో నేనే కావాలి. అందుకోసం ఆయన లాన్ మోవ్ చేశాను, చెప్పిన కథే మళ్లీ చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఆయన నేర్పిన సూత్రం ఒక్కటే: పాత ఇనుము మీద పేరుకున్న నలుపుని ముట్టుకోకూడదు, అదే దాని వయసు.

ఆ ఏడు అక్టోబర్‌లో తన తండ్రి ఏటిగట్ల మీద బీవర్ అనే బొచ్చు జంతువుల్ని పట్టడానికి వాడిన ఉచ్చు తెచ్చి నా చేతిలో పెట్టారు. "కొన్నాళ్లు ఉంచుకో. ఎలా చూసుకుంటావో చూద్దాం" అన్నారు. అది పరీక్షని నాకు తెలిసిపోయింది. గరాజ్‌లో బల్ల మీద మెత్తటి తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టాను. మా పెళ్లయిన కొత్తలో కూడా తనని అంత అపురూపంగా చూడలేదని మా ఆవిడ అంది.

అప్పుడు మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. ఆవిడ చేతులు ఊరుకోవు. డిష్‌వాషర్ కడిగిన గిన్నెల్ని మళ్లీ కడిగేవారు. దసరా రోజు నేను ఆఫీస్ నుంచి వచ్చి గరాజ్ తలుపు తీస్తే గుప్పున అగరొత్తుల పొగ. లాన్ మోవర్‌కి బొట్టు, డ్రిల్లుకి బొట్టు, కారు జాకీకి కూడా బొట్టు. మధ్యలో పీట మీద బీవర్ ఉచ్చు, కొత్త పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. దాని దవడల మధ్య చామంతి పువ్వు.

"అత్తయ్యగారూ, ఏం చేశారండీ?"

"ఆయుధపూజ, అల్లుడుగారూ. అన్నిట్లోకీ ఇదే మొండిది. చింతపండు వేసి స్టీల్ పీచుతో తోమితే గానీ మకిలి వదల్లేదు."

"అది మనది కాదండీ. వీధి చివరాయనది."

"మరీ మంచిది. ఒకళ్ల వస్తువు మురికిగా తిరిగిస్తే ఏం బాగుంటుంది?"

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అది ఆయన తండ్రి వాడిందని, దాంతోనే ఇల్లు నడిపాడని ఆవిడకి చెప్పుకుని వాపోయాను. నలుపు తిరిగి వస్తుందేమోనని ఉచ్చుని కాఫీ డికాషన్‌లో ముంచాను. సోయా సాస్ పూశాను. అది నల్లబడలేదు సరికదా, టిఫిన్ హోటల్లా వాసన వేయడం మొదలుపెట్టింది. అత్తగారు విసుక్కుంటూ దాన్ని మళ్లీ కడిగి, మళ్లీ బొట్టు పెట్టి, పులిహోర డబ్బా చంకన పెట్టుకుని "పదండి, ప్రసాదం కూడా ఇచ్చేసి వద్దాం" అన్నారు.

ముసలాయన ఉచ్చుని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరు చేశారిది?" అని అడిగారు. చేసింది మా అత్తగారని చెప్పాను. పువ్వెందుకని అడిగారు.

అత్తగారు నాతో చెప్పించారు. "ఇది ఓ ఇంటికి అన్నం పెట్టింది. ఎన్నో ప్రాణాలు కూడా తీసింది. రెండింటికీ కలిపి దండం పెట్టాను. అవునూ, వాళ్ల నాన్నగారి పేరేమిటో అడగండి. తెలిస్తే పూజలో చెప్పుకునేదాన్ని."

అడిగాను. ఆయన చెప్పారు. "దీన్ని చూసినవాళ్లందరూ ఎంత పాతదని అడిగారు, ఎంతకి అమ్ముతావని అడిగారు. మా నాన్న పేరు ఎవరూ అడగలేదు" అన్నారు. ఆ ఉచ్చు స్ప్రింగు ఏ రకమో నిద్రలో లేపినా చెబుతాను. పేరు అప్పటిదాకా నాకూ తెలీదు.

ముసలాయన పులిహోర ఒక ముద్ద తిని, కారానికి కళ్లు తుడుచుకున్నారు. కారానికేనా అంటే నాకు అనుమానమే. తర్వాత మా అత్తగారి వైపు వేలు చూపించి చెప్పారు: కలెక్షన్ మొత్తం ఆవిడకే. నేను కోసిన గడ్డంతా గుర్తొచ్చింది. అయినా అక్షరం పొల్లుపోకుండా తెలుగులో చెప్పాను.

"నాకెందుకండీ ఈ ఇనుము?" అన్నారు అత్తగారు. కాస్త ఆలోచించి, "పెద్దాయన, కాదంటే బాధపడతారు. సరేనని చెప్పండి" అన్నారు.

అవన్నీ విమానంలో తీసుకెళ్లడం కుదరదు కాబట్టి మా గరాజ్‌లోనే దిగాయి. ఆ రోజు నుంచి గరాజ్‌కి తాళం వేసేది ఆవిడే. తిరుగు ప్రయాణం రోజు అత్తగారు ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ వెతికి, మా గరాజ్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"జాగ్రత్తగా చూసుకోండి, అల్లుడుగారూ. పరాయి సొమ్ము."