ఖాళీ పెట్టెలో లేచి నిలబడిన గుండీలక్క

గుండీలక్క స్కూటర్‌కి భయపడి దాన్ని మూలన పడేసిందని ఆ వీధిలో చెప్పుకుంటున్నారు. ఒట్టి మాట. కూతురు కొనిచ్చిన ఆ బండిని మహమ్మారి రోజుల్లో ఇంటి నుంచి నగరం దాకా ఆవిడే నడిపింది. అడ్డమొచ్చిన లారీవాళ్లను హెల్మెట్‌లోంచే చెడామడా తిట్టింది కూడా. మళ్లీ రైలెక్కడానికి కారణం వేరే.

చొక్కాల దుకాణంలో గుండీలు కుట్టడం ఆవిడ పని. పొద్దున్నే ఎక్కే ఆడవాళ్ల పెట్టెలో ఎవరి హుక్కు ఊడినా, ఎవరి సంచి పట్టీ తెగినా, ఆ కుదుపుల్లోనే సూది తీసి సరిచేసేది. ఆ పేరు అక్కడే వచ్చింది. ఆ పెట్టెకో కట్టుబాటు ఉండేది. మొదటి స్టేషన్‌లో ఎక్కి కూర్చున్నవాళ్లు, సగం దారిలో నది వంతెన దాటగానే లేచి, నిలబడ్డవాళ్లకు చోటివ్వాలి. ఎవరూ అడగక్కర్లేదు. ఓసారి ఒక ఆఫీసు ఆవిడ లేవకుండా నిద్ర నటించింది. ఆవిడకి 'నిద్రగన్నేరు' అని పేరు పెట్టేశారు. ఆవిడ తన కూతురి పెళ్లికి అందర్నీ పిలిస్తే అక్కడా అలాగే పిలిచారు.

తర్వాత రైళ్లు ఆగాయి. మళ్లీ మొదలయ్యేసరికి, ఆ పెట్టెలో రోజూ వచ్చే నర్సమ్మ బండి కొనుక్కుంది. టీచరమ్మ నలుగురితో కలిసి కారు మాట్లాడుకుంది. నిద్రగన్నేరుకి ఇంట్లోనే ఆఫీసు.

"ఎవరున్నారని అమ్మా ఆ రైలెక్కుతావు? హాయిగా బండి మీద పోక" అంది కూతురు.

"బండితో ఏం మాట్లాడనే? దారంతా నోరు కుట్టేసుకున్నట్టుంటోంది."

"సరే, ఈ వారం చూడు. మనిషన్నవాళ్లు తగలకపోతే బుద్ధిగా స్కూటర్ తియ్యాలి మరి."

వారమంతా పాతవాళ్లెవరూ రాలేదు. ఆఖరి రోజున ఎదురుగా ఒక్కతే కొత్త పిల్ల, ఫోన్‌లో తల దూర్చుకుని కూర్చుంది. రైలు వంతెన దాటింది. గుండీలక్క లేచి నిలబడింది. చుట్టూ ఖాళీ సీట్లే, అయినా కాళ్లు అలవాటు మానలేదు. అది చూసి ఆఖరి స్టేషన్ వచ్చేసిందనుకుని, వంతెన అవతలి స్టేషన్‌లో రైలు ఆగగానే ఆ పిల్ల గబగబా దిగిపోయింది.

"అమ్మాయ్, ఇక్కడ కాదు" అంటూ వెనకే గుండీలక్కా దిగింది. రైలు తన దారిన వెళ్లిపోయింది.

"మీరు లేచారు కదా ఆంటీ, అందుకే దిగాను."

"లేచింది దిగడానికి కాదే తల్లీ."

"మరెందుకు?"

ఆ ఒక్క ముక్క చాలు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చోబెట్టి పెట్టె కథంతా చెప్పింది. నిద్రగన్నేరు దగ్గర ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఈలోగా ఇంకో రైలు కూడా వచ్చి వెళ్లిపోయింది.

"సోమవారం నాకూ చోటుంచుతారా?" అంది చివరికి.

"ఖాళీ పెట్టెలో చోటుంచడమేంటే పిచ్చిదానా" అంది గానీ, సోమవారం పక్క సీట్లో తన సంచి పెట్టి మరీ కూర్చుంది.

"అయితే తగిలారా ఎవరైనా?" అని వారం ఆఖరి రోజు సాయంత్రమే అడిగింది కూతురు.

"ఒకతె తగిలింది."

"ఒక్కరేనా?"

"నోరు విప్పడానికి ఒక్కరు చాలరూ?"

స్కూటర్ ఇప్పుడు కూతురే తిప్పుతోంది. కాకపోతే ఆ రైలు పిల్లకి వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. ఆ రోజుల్లో గుండీలక్క కిటికీకేసి చూస్తూ, ఒక్కతే వెళ్లి వస్తోంది. ఒకప్పుడు ఆ పెట్టెలో వెళ్లినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఏదో ఒక పొద్దున రైలెక్కి ఆవిణ్ణి ఓసారి పలకరించి రండి.